ఆ అరగంటకు అంత ఖరీదా?

మా రోజుల్లో పొద్దున్నే లేచి వచ్చినవాళ్లదే మొదటి రైడు. మేం అట్లాంటా నుంచి పిల్లల్ని కారులో ఎక్కించుకుని డిస్నీ వరల్డ్‌కు వెళ్లడం మొదలుపెట్టింది 1980ల్లో. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో మెయిన్ స్ట్రీట్ చివర తాడొకటి అడ్డంగా పట్టుకుని నిలబడేవారు. తెరిచే వేళ దాకా అందరం ఆ తాడు వెనకే. మోనోరైలు లోపలికే వచ్చే కాంటెంపరరీ హోటల్లో దిగిన డాక్టరుగారి కుటుంబమూ, కిస్సిమీలో 192వ నంబరు రోడ్డు మీద గుజరాతీ ఆయన మోటెల్లో దిగిన మాలాంటివాళ్లమూ పక్కపక్కనే నిలబడేవాళ్లం. రాత్రి ఎక్కడ పడుకున్నారని అడిగేవాళ్లు లేరు. పిల్లల్ని నాలుగింటికి లేపి, మొహాలు కడిగించి, ముందురోజు కలిపిన పులిహోర కూలరు పెట్టెలో సర్దుకుని వచ్చామంటే ఆ శ్రమకు ఫలితం అక్కడే కనిపించేది. స్పేస్ మౌంటెన్ దగ్గరకు మొదటి వందమందిలో మేమూ ఉండేవాళ్లం.

ఇప్పుడు ఆ తాడుకు ముందొక జనం, వెనకొక జనం. డిస్నీ హోటళ్లలో గది తీసుకున్నవాళ్లు అరగంట ముందే రైడ్ల దగ్గరకు వెళ్లిపోతారు. బయట దిగినవాళ్లు ఎన్నింటికి లేచి వచ్చినా ఆ అరగంటా ఆగాల్సిందే. మన తెలుగువాళ్ల ఇళ్లలో థాంక్స్‌గివింగ్ దగ్గరపడిందంటే ఇదే చర్చ. ఆ అరగంట కోసం లోపలి హోటలు తీసుకోవాలా, బయట చవగ్గా దిగి ఆ డబ్బు మిగుల్చుకోవాలా అని వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే వాదులాట. నన్ను అడిగితే చెబుతాను. కానీ ఆ అరగంట ఒకప్పుడు ఎంత ఉండేదో ముందు తెలియాలి.

డిస్నీ వరల్డ్ 1971 అక్టోబరు 1న తెరిచారు. అప్పుడు అక్కడున్న పెద్ద హోటళ్లు రెండే, కాంటెంపరరీ, పాలినీషియన్. లోపలికి టికెట్టు 3 డాలర్ల 50 సెంట్లు. రైడ్లకు వేరే చీటీల పుస్తకం కొనుక్కోవాలి, ఏ నుంచి ఈ దాకా ఐదు రకాలు. 1982లో ఎప్‌కాట్ తెరిచినప్పుడు ఆ చీటీలు పోయి, ఒకే టికెట్టుతో అన్నీ ఎక్కే పద్ధతి వచ్చింది. ఆ టికెట్టు 15 డాలర్లు. ధరలు పెరగకుండా ఉండవని నాకూ తెలుసు. ఆనాటి 15 డాలర్లంటే ఈనాటి లెక్కలో సుమారు 50. కానీ 2025 క్రిస్మస్ రోజుల్లో మ్యాజిక్ కింగ్‌డమ్‌కు ఒక్క మనిషికి ఒక్క రోజు టికెట్టు 199 డాలర్లు. నలుగురున్న కుటుంబం గేటు దాటడానికే ఎనిమిది వందలు.

1980ల చివర్లో హోటళ్లు పెరగడం మొదలైంది. 1988లో కరీబియన్ బీచ్, గ్రాండ్ ఫ్లోరిడియన్ వచ్చాయి. 1994లో ఆల్ స్టార్ పేరుతో చవక హోటలు కూడా కట్టారు. అన్ని గదులు నింపాలంటే బయటి మోటెళ్లలో లేనిదేదో ఇవ్వాలి కదా. అందుకని 1990ల్లో హోటలు వాళ్లకు ముందస్తు ప్రవేశం పెట్టారు. రోజుకొక పార్కు. తెరిచే వేళకు గంట ముందు, మ్యాజిక్ కింగ్‌డమ్‌లో అయితే గంటన్నర ముందు. గంటన్నర అంటే మాటలా? ఫాంటసీలాండ్‌లో పిల్లలకు కావలసినవన్నీ ఎక్కించి, ఇష్టమైనది రెండోసారి కూడా ఎక్కించి, బయటి జనం వచ్చేసరికి తీరిగ్గా కూర్చుని టిఫిన్ తినొచ్చు. తర్వాత 2000ల్లో దాని పేరు ఎక్స్‌ట్రా మ్యాజిక్ అవర్స్ అయింది. ఒక రోజు ఒక పార్కులో పొద్దున గంట, ఇంకో రోజు ఇంకో పార్కులో రాత్రి మూడు గంటలు. ఆ మూడూ తర్వాత రెండయ్యాయి.

2020 మార్చిలో కోవిడ్‌కు పార్కులు మూతబడ్డాయి. జులైలో తెరిచారు గాని ఈ గంటలు మాత్రం తిరిగి రాలేదు. 2021 అక్టోబరులో, సరిగ్గా యాభయ్యో ఏడు పండగకు, అరగంట ఇచ్చారు. రోజూ, నాలుగు పార్కుల్లోనూ అరగంట. జనాన్ని నాలుగు పార్కులకూ సమానంగా సర్దడానికి ఇదే మేలని కంపెనీ చెప్పుకుంది. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. రోజుకొక పార్కు పద్ధతిలో హోటలు జనమంతా ఆ ఒక్క పార్కు మీదే పడేవారు, మధ్యాహ్నానికి అడుగు పెట్టడానికి చోటుండేది కాదు. తెలిసినవాళ్లు పొద్దున ఆ గంటా వాడుకుని పదకొండింటికల్లా ఇంకో పార్కుకు వెళ్లిపోయేవారు. మేమూ అదే చేసేవాళ్లం. అంత మాత్రాన గంటను అరగంట చేయాల్సిన పనేముంది? నాలుగు పార్కుల్లోనూ రోజూ గంట ఇవ్వొచ్చుగా?

తగ్గింది ఇదొక్కటే అయితే ఇంతగా సణిగేవాణ్ని కాను. 2005 నుంచి ఓర్లాండో ఎయిర్‌పోర్టులో దిగిన హోటలు అతిథులకు ఉచిత బస్సు ఉండేది. పెట్టెలు కూడా వాళ్లే తెచ్చి గదిలో పెట్టేవారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లకు అదెంత ఆసరానో! 2021తో అది ఆగిపోయింది. 1999లో వరస తప్పించే ఫాస్ట్‌పాస్ వచ్చింది. రైడు దగ్గర మిషన్లో టికెట్టు పెడితే, మళ్లీ ఎన్నింటికి రావాలో రాసిన చీటీ ఇచ్చేది. పైసా ఖర్చు లేదు. హోటలు వాళ్లకు, బయటివాళ్లకు, అందరికీ ఒకటే. ఇంటిల్లిపాది టికెట్లూ పట్టుకుని నాన్నలు ఆ మిషన్ల దగ్గరకు పరుగెత్తడం మా తరంలో చూడనివాళ్లు లేరు. 2020తో ఆ ఉచితమూ పోయింది. దాని స్థానంలో వచ్చినదానికి 2021లో మనిషికి రోజుకు 15 డాలర్లతో మొదలుపెట్టారు. ఇప్పుడు దాన్నే లైట్నింగ్ లేన్ అంటున్నారు, ధర రోజును బట్టి మారుతుంది. కొత్త రైడ్లలో గట్టివాటికి విడిగా మళ్లీ డబ్బు. 2024లో అయితే అన్ని రైడ్లకూ ఎప్పుడైనా వెళ్లే పాస్ ఒకటి తెచ్చారు, మ్యాజిక్ కింగ్‌డమ్‌లో రద్దీ రోజుల్లో దాని ధర ఒక్క మనిషికి 449 డాలర్ల దాకా పలికింది.

సరే, ఇప్పుడు ఆ అరగంట సంగతి. కాగితం మీద తొమ్మిదికి తెరిచే పార్కులోకి ఎనిమిదిన్నరకు వెళ్తారు. కానీ ఎనిమిదిన్నరకు గేటు దగ్గరకు వచ్చారంటే ఆ అరగంట పోయినట్టే. బ్యాగుల తనిఖీ ఉంటుంది, గేటు దగ్గర వేలిముద్ర, ఆ తర్వాత మెయిన్ స్ట్రీట్ పొడుగునా నడక. ముసలివాళ్లూ స్ట్రోలరూ ఉంటే రైడు దగ్గరకు చేరేసరికి పావుతక్కువ తొమ్మిది. అప్పటికే ముందు వరసలో వందలమంది ఉంటారు. కాబట్టి ఏడున్నరకే అక్కడ ఉండాలి. ఏడున్నరకు అక్కడుండాలంటే ఏడు లోపు బస్సెక్కాలి. ఏడు లోపు బస్సెక్కాలంటే పిల్లల్ని ఐదున్నరకు లేపాలి. అరగంట కోసం గంటన్నర నిద్ర ఇచ్చుకోవాలన్నమాట.

ఇంకో లెక్క చూడండి. డిస్నీ వరల్డ్‌లో కంపెనీ హోటళ్లే పాతికకు పైగా ఉన్నాయి, గదులు పాతిక వేలకు పైమాటే. కంపెనీవి కాని స్వాన్, డాల్ఫిన్ లాంటి హోటళ్లకు కూడా ఈ సదుపాయం ఉంది. పది గదుల్లో ఒక్క గదివాళ్లే ఆ పొద్దున మ్యాజిక్ కింగ్‌డమ్‌కు వచ్చారనుకుందాం. గదికి ముగ్గురు చొప్పున ఏడువేల అయిదువందల మంది. అందరూ పరుగెత్తేది సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్ దగ్గరకూ, 2023లో తెరిచిన ట్రాన్ దగ్గరకూ, పీటర్ పాన్ దగ్గరకూ. ఇలాంటి రైడు గంటకు పదిహేను వందల మందిని మోసినా అరగంటలో ఏడువందల యాభై మంది. మిగతావాళ్లు తొమ్మిది దాటాక కూడా వరసలోనే ఉంటారు. ఆల్ స్టార్‌లో దిగినవాడికీ గ్రాండ్ ఫ్లోరిడియన్‌లో దిగినవాడికీ ఒకే హక్కు ఉండటం మంచిదే, నేను కాదనను. కానీ హోటలు జనమంతా ఒకేసారి లోపలికి వస్తే వాళ్లలో వాళ్లకు ముందేమిటి, వెనకేమిటి? వాళ్లు ముందుండేది బయటివాళ్లకంటే మాత్రమే.

ఆ అరగంటలో పార్కంతా తెరవరు కూడా. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఫాంటసీలాండ్, టుమారోలాండ్ రైడ్లు మాత్రమే. హాంటెడ్ మాన్షన్ కావాలన్నా, పైరేట్స్ కావాలన్నా మామూలు వేళ దాకా ఆగాల్సిందే. ట్రాన్ ఎక్కాలంటే 48 అంగుళాల ఎత్తుండాలి, స్పేస్ మౌంటెన్‌కు 44, మైన్ ట్రైన్‌కు 38. నాలుగేళ్ల మనవరాలితో వెళ్లినవాళ్లకు మూడింట రెండు మొదటే కొట్టుకుపోయాయి. అందుకే చిన్నపిల్లలున్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే: మిగతా వాటి జోలికి పోకుండా నేరుగా పీటర్ పాన్ దగ్గరకు నడవండి. ఎత్తు నిబంధన లేదు, తాతలూ అమ్మమ్మలూ కూడా ఎక్కొచ్చు, పగలంతా ఆ వరస తగ్గదు. 1971లో పార్కు తెరిచిన వారంలోనే మొదలైన రైడు అది. ఇన్నేళ్లయినా దానికి జనం తగ్గలేదంటే అది కట్టినవాళ్ల గొప్పతనం.

హోటలు వాళ్లకు అసలైన లాభం వేరేచోట ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. బయట దిగి కారులో వచ్చేవాడు మ్యాజిక్ కింగ్‌డమ్ గేటు దగ్గర దిగలేడు. చెరువుకు ఇవతలి ఒడ్డున ఆపాలి, పార్కింగుకు డబ్బు కట్టాలి, అక్కణ్నుంచి పడవో మోనోరైలో ఎక్కాలి. దీనికే అరగంటా ముప్పావుగంటా పడుతుంది. హోటలు బస్సు మాత్రం గేటు పక్కనే దింపుతుంది. కాంటెంపరరీ నుంచయితే పది నిమిషాల నడక. పార్కు దగ్గర పార్కింగు కూడా హోటలు వాళ్లకు ఉచితం. మధ్యాహ్నం ఒంటిగంటకు ఫ్లోరిడా ఎండలో పిల్లలు వాడిపోయినప్పుడు గదికి వెళ్లి పడుకోబెట్టి సాయంత్రం మళ్లీ రావడం వాళ్లకే సాధ్యం. ఎండాకాలంలో రెండింటికీ మూడింటికీ ఉరుములతో వాన దంచుతుంది. ఆ వేళకు గదిలో ఉన్నవాడు సుఖపడతాడు. డబ్బు పెట్టదలిస్తే ఈ దగ్గరితనానికి పెట్టమంటాను. అరగంటకు కాదు.

నన్ను బాగా బాధపెట్టేది ఇంకొకటుంది. ఒకసారి ఒక పార్కులో మేం హోటలు జనం వరసలో ఉన్నాం. పక్క వరసలో, తాడుకు అవతల, ఇద్దరు పిల్లలతో ఒక తండ్రి. ఎన్నింటికి బయలుదేరారో గాని మాకంటే ముందే వచ్చి నిలబడ్డారు. మమ్మల్ని వదిలారు, వాళ్లను ఆపారు. ఆ పిల్లవాడు తండ్రి చొక్కా లాగి ఏదో అడిగాడు. ఆ తండ్రి ఏం చెప్పగలడు? నీ నాన్న తక్కువ డబ్బు పెట్టాడురా అని చెబుతాడా? ఆ పిల్లవాడి టికెట్టు ఖరీదూ మా మనవరాలి టికెట్టు ఖరీదూ ఒకటే. రాత్రి ఎక్కడ పడుకున్నాడన్నదానితో పొద్దున పిల్లవాడికి విలువ కట్టడం నాకు నచ్చలేదు, ఈనాటికీ నచ్చదు. మా పిల్లలు ఆ వయసులో ఉన్నప్పుడు మేం కూడా అటు వరసలోవాళ్లమే. అప్పట్లో ఆ వరసే లేదు, అదృష్టం.

అలాగని ఎవరికీ పనికిరాదని అనను. ఇండియా నుంచి వచ్చి వారం తిరగని అమ్మానాన్నలున్నారనుకోండి. వాళ్లకు తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది, కాఫీ అడుగుతారు, స్నానాలు కూడా అయిపోతాయి. వాళ్లను ఏడింటికి బస్సెక్కించడం కష్టం కాదు. చల్లటి పూట రెండు మూడు రైడ్లు చూపించి పదకొండింటికి తీసుకొచ్చేయొచ్చు. మధ్యాహ్నం వరసల్లో నిలబెట్టడం కంటే అది వెయ్యి రెట్లు నయం. సూర్యుడికంటే ముందు లేచే రెండేళ్ల, మూడేళ్ల పిల్లలున్న ఇళ్లకూ అంతే. లైట్నింగ్ లేన్‌కు డబ్బు పెట్టకూడదని నిశ్చయించుకున్నవాళ్లకు ఈ అరగంటే ఆధారం, ఒక పెద్ద రైడు దాంతో గట్టెక్కుతుంది. ఆ పాసులు కొనేవాళ్లకు మాత్రం దీనితో పెద్ద పని లేదు. హోటలు వాళ్లు ఆ పాసులు వారం ముందే ఫోనులో బుక్ చేసుకోవచ్చు, బయటివాళ్లకు మూడు రోజుల ముందు గాని దొరకవు. ఆ నాలుగు రోజుల తేడా ఈ అరగంట కంటే విలువైనదని నా ఉద్దేశం. పదింటికి పాసుతో దర్జాగా లోపలికి వెళ్లగలిగినవాడు ఐదున్నరకు పిల్లల్ని ఏడిపించి లేపడం ఎందుకు?

ఈ డిసెంబరుకు మా అల్లుడు గదుల ధరలు తీశాడు. లోపలి హోటలుకూ బయట అదే పాటి గదికీ రోజుకు వంద డాలర్ల పైన తేడా. "ఐదు రాత్రులకు అయిదు వందలే కదా మామయ్యగారూ, రోజూ అరగంట ముందు వెళ్లొచ్చు" అన్నాడు. "ఐదు రోజులకు కలిసి రెండున్నర గంటలు బాబూ. గంటకు రెండు వందల డాలర్లు పడుతోంది" అన్నాను. అతనికి అప్పుడు తెలియని ఒక సంగతి కూడా చెప్పాను. ఈ ముందస్తు ప్రవేశం హోటల్లో చేరే రోజు పొద్దునా ఉంటుంది, ఖాళీ చేసే రోజు పొద్దునా ఉంటుంది. అంటే ఒక్క రాత్రి గది తీసుకుంటే రెండు పొద్దులు. మొదటి రోజు పెట్టెలు హోటలు కౌంటరులో అప్పగించి పార్కుకు వెళ్లొచ్చు, గది సాయంత్రం తీసుకోవచ్చు. ఆల్ స్టార్ లాంటి చవక హోటల్లో ఒక్క రాత్రి, మిగతా రాత్రులు బయట వంటగది ఉన్న ఇంట్లో. మ్యాజిక్ కింగ్‌డమ్ ఒక పొద్దు, ఇంకో పొద్దు యానిమల్ కింగ్‌డమ్‌లో అవతార్ రైడు. ఆ రెంటికే ఈ అరగంట అక్కరకొస్తుంది. వంటగది ఉంటే పెద్దవాళ్లకు ఇంత పప్పూ అన్నం వండిపెట్టొచ్చు. పార్కులోకి మన తిండి తీసుకెళ్లడానికి అభ్యంతరం లేదు.

పక్కనే యూనివర్సల్ ఉంది, దాని సంగతి కొంచెం వేరు. 2010లో అక్కడ హ్యారీ పాటర్ ఊరు తెరిచినప్పుడు జనం విరగబడ్డారు, హోటలు వాళ్లకిచ్చిన గంట నిజంగానే గంటలా పనికొచ్చింది. అక్కడి మూడు ఖరీదైన హోటళ్లు, పోర్టొఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్, రెండు పాత పార్కుల్లో వరస తప్పించే పాసు గదితో పాటే ఇస్తాయి. ఆ గది ధర చూసి గుండె గుభేల్‌మన్నా, పాసు ఖరీదు తీసేసి చూస్తే నలుగురున్న కుటుంబానికి లెక్క సరిపోవచ్చు. 2025లో తెరిచిన ఎపిక్ యూనివర్స్‌లో మాత్రం ఆ పాసు చెల్లదు, అది చూసుకుని కొనండి.

పోయినవాటిలో నాకు అన్నిటికంటే ఎక్కువ కొరతగా ఉన్నవి రాత్రి గంటలు. పొద్దున అరగంట అయితేనేం గంట అయితేనేం, దానికి నిద్ర మానుకోవాలి. రాత్రి గంటలకు ఆ బాధ లేదు. బాణసంచా అయిపోయి, బయటి జనమంతా వెళ్లిపోయాక, ఎండ లేదు, తొక్కిసలాట లేదు, మేం ఏ రైడు దగ్గరకు వెళ్లినా నడుచుకుంటూ నేరుగా లోపలికే. మా మనవడు ఒకే రాత్రి స్పేస్ మౌంటెన్ దిగి మళ్లీ ఎక్కి, దిగి మళ్లీ ఎక్కి, వాళ్లమ్మ ఒడిలో నిద్రపోయాడు. అప్పట్లో చవక హోటల్లో దిగినవాళ్లకు కూడా ఆ గంటలు దక్కేవి. ఇప్పుడు అవి డీలక్స్ హోటళ్ల వాళ్లకే, అదీ కొన్ని రాత్రులు, రెండేసి గంటలు. ఆల్ స్టార్‌లో దిగిన పిల్లలకు ఆ రాత్రి లేదు. ఆ మూడు గంటలూ మళ్లీ అన్ని హోటళ్ల వాళ్లకూ ఇవ్వమనండి, మా గ్రూపులో వాళ్లందరినీ లోపలే గదులు తీసుకోమని నేనే చెబుతాను.